రెంటచింతల వచ్చేసరికి తూలే మనిషి

మస్తాన్‌రావు కూర్చుని ఉండగా చూసినవాళ్లు తక్కువ. డ్రైవర్ సీట్లో తప్ప ఇంకెక్కడా అతనికి కుదురు లేదు. బస్సు ఆగిందంటే దిగి దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చేవాడు. టైర్లు తట్టి చూసేవాడు, తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచేవాడు, టీ కొట్టు దగ్గర బెంచీ ఖాళీగా ఉన్నా నిలబడే తాగేవాడు. క్యారేజీ బానెట్ మీద పెట్టుకుని అన్నం కూడా నిలబడే తినేవాడు. కూర్చుని తింటే ఒంటబడుతుందిరా అని నేనంటే, ఇందాకటిదాకా కూర్చునే ఉన్నాగా అక్కా అని నవ్వేవాడు. మాచర్లలో మాకు దొరికే కాస్త విశ్రాంతిలో మిగతా డ్రైవర్లు సీటు మీద తువ్వాలు పరుచుకుని ఓ కునుకు తీసేవాళ్లు. ఇతను మాత్రం బస్టాండులో ఉన్న ప్రతి బండినీ పలకరించి వచ్చేవాడు. చూసేవాళ్లకి కళ్లు తిరిగేవి.

నేను ఆ బస్సులో కండక్టర్ని. నా పేరు జరీనా. సత్తెనపల్లి నుంచి మాచర్లకి తిరిగే బండి మాది. ఏ డిపో అని అడక్కండి, చెప్పను. అక్కడివాళ్లంతా ఇంకా ఉద్యోగాలు చేసుకుంటున్నారు, నేనూ చేసుకుంటున్నాను. మస్తాన్‌రావు నాకంటే బాగా చిన్నవాడు, నలభై ఇంకా రాలేదు. నన్ను అక్కా అంటాడు, నేను ఒరేయ్ అంటాను. గుంటూరు మస్తాన్ దర్గాలో మొక్కుకున్నాక పుట్టాడని వాళ్లమ్మ ఆ పేరు పెట్టింది. ఆ లెక్కన నీకూ నాకూ సగం చుట్టరికం ఉందక్కా అని ఆటపట్టించేవాడు.

మస్తాన్‌రావు తాగడు. ఈ మాట నేను ఇప్పుడు కొత్తగా చెప్పడం లేదు. అప్పుడూ చెప్పాను, డిపోలో చెప్పాను, అతని పెళ్లానికీ చెప్పాను. వినే చెవి ఒక్కటి లేకపోయింది.

అతని భార్య లీలావతిది పెదకూరపాడు. వాళ్ల నాన్న బాబూరావు పిడుగురాళ్ల సున్నపుబట్టీల్లో పనిచేసి, వచ్చిన కూలి అంతా తాగి, ఆ తాగుడుతోనే పోయాడు. తండ్రిని రోడ్డు మీద నుంచి లేపి భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకున్న పిల్ల ఆమె. అందుకే పెళ్లిచూపుల్లో పెద్దవాళ్లంతా పొలం గురించీ ఉద్యోగం గురించీ మాట్లాడుతుంటే, ఆమె అడిగింది మాత్రం ఒక్కటే, తాగుతావా అని. తాగనన్నాడు. తాగిన రోజు నేను నీ ఇంట్లో ఉండనంది. సరేనన్నాడు. వాళ్ల కాపురానికి ఉన్న షరతు అదొక్కటే. కూతురు కీర్తన పుట్టి ఆరో తరగతికి వచ్చిందాకా ఆ షరతు ఎవరికీ గుర్తు చేయాల్సిన అవసరం రాలేదు.

పోయిన వేసవిలో వచ్చింది.

పల్నాడు ఎండ గురించి ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకి ఒక్కమాట చెప్తాను. వేసవిలో రెంటచింతల పేరు రోజూ పేపర్లో పడుతుంది, ఆ ఊళ్లో గొప్ప పని ఏదో జరిగినందుకు కాదు, ఎండ లెక్కల్లో అన్ని ఊళ్లకంటే ముందుంటుంది కాబట్టి. పొద్దున సత్తెనపల్లిలో బండి తీసేటప్పుడు మస్తాన్‌రావు బంగారంలా ఉండేవాడు. కొండమోడు దాటి, పిడుగురాళ్ల దాటిందాకా ఏమీ లేదు. గురజాల వచ్చేసరికి కళ్లు నులుముకోవడం మొదలుపెట్టేవాడు. కింద నుంచి ఇంజన్ సెగ, ఎదురుగా అద్దంలోంచి ఎండ. రెంటచింతలలో నీళ్ల సీసా కోసం దిగి కొట్టు దాకా నడిస్తే, ఒక అడుగు ఇటు పడితే ఇంకోటి అటు పడేది. మాట ముద్దగా వచ్చేది. మాచర్లలో కుళాయి కింద తల పెట్టి తడుపుకుని, నీడన కాసేపు తిరిగాక తేరుకునేవాడు. సాయంత్రం ఇంటికెళ్లేటప్పటికి మామూలు మనిషి. ఏందిరా ఇది అంటే ఎండదెబ్బక్కా అనేవాడు. మజ్జిగ తాగాడు, జేబులో ఉల్లిపాయ పెట్టుకున్నాడు, తలకి తడిగుడ్డ చుట్టుకున్నాడు. రెంటచింతల వచ్చేసరికి మళ్లీ అదే.

అందరి కళ్లూ ఉన్నది ఆ రెంటచింతల కొట్టు ముందే కదా. పొద్దున బాగుండి మధ్యాహ్నానికి తూలేవాడిని లోకం ఏమంటుందో అదే అన్నారు.

డిపోలో డ్యూటీ ఎక్కే ముందు ప్రతి డ్రైవరూ మిషన్లో ఊదాలి. అతను ఊదాడు, సున్నా వచ్చింది. మాచర్లలో ఎవరో ఫోన్ చేసి చెప్తే మధ్యాహ్నం అక్కడా ఊదించారు. సున్నా. బుర్ర ఉన్నవాడు ఏమనుకోవాలి? మనిషి తాగలేదనుకోవాలి. మావాళ్లు మిషన్ పాడైందన్నారు. కొత్త మిషన్ వచ్చింది, అదీ సున్నానే చూపించింది. అప్పుడు ఏటి అవతలి సరుకన్నారు. కృష్ణ దాటితే తెలంగాణ. అక్కడి నుంచి ఎవరో రెంటచింతలకి తెచ్చి ఇస్తున్నారట, ఆ సరుకు మన మిషన్లకి దొరకదట. మిషన్లకి కూడా రాష్ట్రాలుంటాయని నాకు అప్పుడే తెలిసింది. పన్ను నొప్పికని అతను బుగ్గన లవంగం పెట్టుకునేవాడు. అది కూడా సాక్ష్యమే అయింది, వాసన చంపడానికట. ఇంత తెలివి బళ్లు బాగుచేయడంలో పెట్టి ఉంటే మా డిపోలో ఒక్క బస్సూ దారిలో ఆగేది కాదు.

ఈ కబుర్లు సత్తెనపల్లి చేరడానికి ఎంతసేపు? లీలావతి నాకు ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. ఇయ్యాల తాగాడా వదినా అని అడిగేది. లేదని చెప్పేదాన్ని. వాసన రాలేదా అనేది. లవంగం వాసన తప్ప ఏమీ లేదని చెప్పేదాన్ని. మీరూ మీరూ ఒక బండివాళ్లు, ఒకళ్లనొకళ్లు కాసుకుంటారు అనేసి పెట్టేసేది. నాకు ఒళ్లు మండేది. కానీ తండ్రిని అలా మోసిన పిల్ల మీద ఎంతసేపని కోపం పెట్టుకుంటాం?

మే నెల మంచి ఎండలో ఒకరోజు అసలు సంగతి జరిగింది. గురజాల దాటాం. బండి నిండా జనం. ఎదురుగా సిమెంటు లారీ ఒకటి వస్తోంది. మస్తాన్‌రావు హారన్ కొట్టాడు, వేగం తగ్గించాడు, ఎడమ పక్కకి తీసి రోడ్డు దిగి ఆపేశాడు. లారీ మా పక్క నుంచి దుమ్ము లేపుకుంటూ పోయింది. అతను ఇంజన్ కట్టేసి తాళం తీసి, సీట్లోంచి వెనక్కి తిరిగి దాన్ని నా చేతిలో పెట్టాడు.

"నాకు రెండు లారీలు కనపడతన్నయ్ అక్కా. ఏది నిజమైందో తెలవట్లా. నేనింక నడపను."

అంత ఎండలో బండి ఆపేస్తే జనం ఊరుకుంటారా. తిట్లు మొదలయ్యాయి. అతను దిగి, బస్సు పక్కనే చేత్తో పట్టుకుంటూ నీడ వైపు నడిచాడు. తూలాడు, ఒక మోకాలి మీద కూలబడ్డాడు, లేచాడు. వెనక సీట్లో ఉన్న ఒకాయన కిటికీలోంచి ఫోన్ బయటికి పెట్టి అదంతా తీశాడు. మందు కొట్టి బస్సు నడిపిన డ్రైవర్ అని రాసి వాట్సాప్‌లో వదిలాడు. ఆ బండిలో ఉన్న ప్రాణాలన్నీ ఎవరివల్ల నిలిచాయో ఆయనకి తెలియదు, ఎందుకంటే ఆయన ప్రాణం కూడా అందులోనే ఉంది, హాయిగా కూర్చుని వీడియో తీస్తోంది.

మాకంటే ముందు ఆ వీడియో సత్తెనపల్లి చేరింది. మస్తాన్‌రావు ఇంటికెళ్లేసరికి తలుపుకి తాళం ఉంది. లీలావతి కూతుర్ని తీసుకుని పెదకూరపాడు వెళ్లిపోయింది.

డిపోలో అతన్ని డ్యూటీ నుంచి తప్పించారు. అప్పుడు రాఘవయ్య వచ్చాడు. యూనియన్లో పెద్దమనిషి, మనసు మంచిదే. పైవాళ్లతో మాట్లాడి దారి చేసుకొచ్చానన్నాడు. తాగాననీ, తప్పయిందనీ, ఇంకెప్పుడూ తాగననీ సంతకం పెట్టి ఇస్తే కొన్నాళ్లు పక్కన పెట్టి, బుద్ధి చెప్పే క్లాసొకటి పెట్టి, మళ్లీ బండి ఇచ్చేస్తారట. అందరూ చేసేదేనట. అదే ఒంట్లో బాగాలేదని పెద్ద డాక్టర్లు రాసిచ్చారంటే మాత్రం జన్మలో స్టీరింగ్ ముట్టనివ్వరట. ఏది మేలో నువ్వే చూసుకో, సోమవారంలోగా చెప్పమన్నాడు.

మస్తాన్‌రావు మా ఇంటి వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ నాకు ఇదంతా చెప్పాడు. కాలుకాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాడు. బండి లేకపోతే నేనేం మనిషినక్కా అన్నాడు. మళ్లీ రెండడుగులు వేసి, తాగానని రాస్తే లీల ఇంక జన్మలో రాదు అన్నాడు. ఏదో ఒకటి పోవాలి, ఏది పోయినా నేను పోయినట్టే అన్నాడు.

అతను అప్పటికే ఒక స్కాన్ తీయించుకున్నాడు. మా వీధి ఆర్‌ఎంపీ చీటీ రాసిస్తే ఎక్కడో హడావిడిగా తీశారు. మెదడు ఎంఆర్‌ఐ అంటే గొట్టంలో పడుకుని కదలకుండా ఉండాలి. చెవి పక్కనే బోరు వేస్తున్నట్టు చప్పుడు. పడుకుని కదలకుండా ఉండటం మస్తాన్‌రావు వల్ల అయ్యే పనేనా? తల తిప్పాడు, చేతులు ఆడించాడు, మధ్యలో ఇంకెంతసేపని అడిగాడు. రిపోర్టులో కదలిక వల్ల బొమ్మ సరిగా రాలేదనీ, చెప్పుకోదగ్గది ఏమీ కనపడలేదనీ రాశారు. డిపోలో మొదటి సగం ఎవరూ చదవలేదు. చూశారా, మిషనే చెప్పింది, తలలో ఏమీ లేదు అన్నారు. ఊదే మిషన్ సున్నా అంటే నమ్మనివాళ్లు ఈ మిషన్ ఏమీ లేదనగానే నమ్మేశారు. నాకు వాళ్లందరి తలకాయలూ ఆ గొట్టంలో పెట్టి తీయించాలనిపించింది.

దారి చూపించింది కళ్లజోడు. రెండుగా కనపడుతోంది కాబట్టి కళ్లజోడు పెట్టుకుంటే ఒకటవుతుందనుకున్నాడు మా అమాయకుడు. కంటి డాక్టరు లోపలికి లైటు వేసి చూసి, ఎడమ కన్ను ఇంతకుముందు ఎప్పుడైనా మసకబారిందా అని అడిగారట. మూడేళ్ల కింద ఒకసారి, కనుగుడ్డు తిప్పితే నొప్పి, కొన్ని వారాలు పొగమంచులా ఉండి దానంతటదే పోయిందని ఇతను చెప్పాడు. కంటి వెనక నరం పాలిపోయి ఉందనీ, ఇది కళ్లజోడు పని కాదనీ చెప్పి, నరసరావుపేటలో ఉన్న నరాల డాక్టరమ్మ దగ్గరికి పంపారు.

ఆ డాక్టరమ్మ వయసులో చిన్నదే గానీ తొందర లేని మనిషి. మా డిపో అంతా కలిసి ఇన్నాళ్లూ అడగని ప్రశ్న ఆమె అడిగింది. మధ్యాహ్నమే ఎందుకు? చన్నీళ్ల స్నానం చేస్తే తగ్గుతుందా? జ్వరమొస్తే ఎక్కువవుతుందా? చివరి రెంటికీ అవునవునంటూ మస్తాన్‌రావు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మళ్లీ స్కాన్ తీయాలి, ఈసారి మెదడూ మెడ వెన్నూ రెండూ, మందు ఎక్కించి కూడా తీయాలి, కదిలితే మాత్రం లాభం లేదు అందామె. పాత ఫిల్ము చూసి పక్కన పెట్టేసింది.

ఆ సాయంత్రం నేను లీలావతికి ఫోన్ చేశాను. నన్ను నమ్మొద్దు, మీ ఆయన్ని కూడా నమ్మొద్దన్నాను. నరసరావుపేట వచ్చి నీ చెవులతో డాక్టరమ్మ మాట విని పో, తాగుబోతని తేలితే నేనే నిన్ను మీ అమ్మగారింట్లో దిగబెడతా అన్నాను. వస్తానంది.

వచ్చింది. కీర్తనని వాళ్లమ్మ దగ్గర వదిలి ఒక్కతే వచ్చింది. మొహం గడియ పెట్టిన తలుపులా ఉంది. లోపలికి వెళ్లే ముందు ఇనుము, వెండి ఏదీ ఒంటి మీద ఉండకూడదంటే మస్తాన్‌రావు బెల్టు, ఉంగరం, ఫోను నాకిచ్చాడు. దర్గాలో కట్టిన వెండి తాయెత్తు మాత్రం విప్పి లీలావతి ముందు పట్టుకున్నాడు. ఆమె అతని వేళ్లు తగలకుండా తీసుకుంది.

స్కాన్ గది బయట వరండాలో మేమిద్దరం కూర్చున్నాం. లోపల్నుంచి చప్పుడు వస్తోంది, ఆగుతోంది, ఇంకో రకంగా మొదలవుతోంది. చప్పుడు ఆగినప్పుడల్లా కదిలాడేమో, పాడుచేశాడేమో అని లేచి తలుపు దాకా వెళ్లి వచ్చేదాన్ని. కూర్చోండి వదినా అని లీలావతి రెండుసార్లు అంది. ఆమె వేళ్ల మధ్య తాయెత్తు దారం మెలికలు పడుతోంది. అతను తాగకపోతే బాగుండునని ఆమెకీ ఉంది. కానీ నమ్మి మోసపోతే తట్టుకోలేనన్న భయం అంతకంటే ఎక్కువగా ఉంది. నాన్న కూడా ప్రతిసారీ ఒట్టేసి తాగలేదనేవాడు వదినా అని నేల చూస్తూ చెప్పింది.

ఈసారి మస్తాన్‌రావు కదల్లేదు. ఎలా ఉన్నావురా అని బయటికొచ్చాక అడిగితే, బండి తోలానక్కా అన్నాడు. కళ్లు మూసుకుని సత్తెనపల్లి బస్టాండులో స్టార్ట్ చేశాడట. రాజుపాలెంలో జనాన్ని ఎక్కించుకున్నాడు, కొండమోడు మలుపు తిప్పాడు, పిడుగురాళ్లలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. మధ్యలో సూది మందు ఎక్కించడానికి ఆపితే గురజాల స్టాప్ అనుకున్నాడట. రెంటచింతలలో దిగకుండా నేరుగా మాచర్ల పోయి పెట్టేశాడట. ఎక్కడా రెండుగా కనపడలేదక్కా అని సంబరంగా చెప్పాడు.

రిపోర్టులు వచ్చాక డాక్టరమ్మ మా ముగ్గుర్నీ లోపలికి పిలిచి కంప్యూటర్ తిప్పి చూపించింది. బూడిదరంగులో మెదడు బొమ్మలు, పొరలు పొరలుగా కోసినట్టు. వాటిలో అక్కడక్కడ తెల్లటి మచ్చలు. మెదడు మధ్యలో నీళ్ల గదులుంటాయని చెప్పింది. మామూలు బొమ్మలో నీళ్లూ తెల్లగానే, మచ్చలూ తెల్లగానే ఉండి కలిసిపోతాయట. ఈ పద్ధతిలో నీళ్లని నల్లగా చేస్తారు, అప్పుడు గది అంచున నక్కిన మచ్చ దాక్కోలేదు. మెడ వెన్నులో కూడా ఒక మచ్చ ఉంది. తర్వాత మందు ఎక్కించి తీసిన బొమ్మలు పెట్టింది. వాటిలో రెండే మచ్చలు దీపం పెట్టినట్టు వెలుగుతున్నాయి. అవి ఈమధ్య పుట్టినవి, వెలగనివి పాతవి. వేరువేరు చోట్ల, వేరువేరు కాలాల్లో దెబ్బలు తగిలాయి కాబట్టే ఈ జబ్బని గట్టిగా చెప్పగలుగుతున్నాను అంది. మల్టిపుల్ స్క్లిరోసిస్ అన్న పేరు కాగితం మీద తెలుగులో రాసిచ్చింది. ఒంటిని కాపాడాల్సిన బలగమే పొరబాటున నరాల మీది పొరను కొరుకుతుందట.

"వైరు మీద తొడుగు పోతే ఇంజన్ వేడెక్కినప్పుడే మొరాయిస్తది, చల్లబడితే మళ్లా పనిచేస్తది. అట్టాగేనా డాక్టరమ్మా?" అన్నాడు మస్తాన్‌రావు.

"సరిగ్గా అంతే. రెంటచింతల ఎండలో మీరు తూలింది అందుకే."

మస్తాన్‌రావు లేచి నిలబడ్డాడు. అతని మొహం చూడాలి. తలలో మచ్చలున్నాయని విని అంత సంతోషించిన మనిషిని నేను ఇంతకుముందు చూడలేదు, ఇక ముందు చూడను కూడా. అయితే నేను తాగలేదని తేలినట్టేగా అని డాక్టరమ్మని అడిగాడు. ఆమెకి అర్థం కాక నా వైపు చూసింది. నేను రెండు ముక్కల్లో చెప్పాను. తాగుడు సంగతి స్కాన్‌లో తెలియదనీ, కానీ ఈ మచ్చలుంటే మనిషి తూలడానికి వేరే కారణం వెతకాల్సిన పని లేదనీ ఆమె నిదానంగా చెప్పింది. చెప్పేటప్పుడు లీలావతి వైపే చూసి చెప్పింది. మస్తాన్‌రావు బల్ల మీద చెయ్యి వేసి, విన్నావా లీలా, విన్నావా అన్నాడు.

లీలావతి విన్నది. ఇది తగ్గుద్దా అని డాక్టరమ్మని అడిగింది.

ఇప్పుడొచ్చిన దెబ్బని తగ్గించడానికి కొన్ని రోజులు సెలైన్‌లో మందు ఎక్కిస్తాననీ, చాలావరకు తేరుకుంటాడనీ డాక్టరమ్మ చెప్పింది. జబ్బు మాత్రం పోదు, మళ్లీ మళ్లీ రాకుండా ఆపే మందులు ఏళ్ల తరబడి వాడాలి, అలా వాడుతూ బాగా తిరిగేవాళ్లు చాలామంది ఉన్నారంది. తేరుకున్నాక బండి ఎప్పుడు ఎక్కొచ్చని మస్తాన్‌రావు అడిగాడు. బస్సు నడపకూడదంది. ఎన్నాళ్లని అడిగాడు. ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

బయట వరండాలో కిటికీ దగ్గర నిలబడి మస్తాన్‌రావు ఫిల్మును వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. మచ్చల్ని వేలితో చూపిస్తూ, ఇదిగో ఇదీ, ఇదిగో ఇదీ అంటున్నాడు. ఆ సంబరం ఇంకా మొహం మీద ఉంది. లీలావతి ఫిల్ము వైపు చూడలేదు. అతని చొక్కా పట్టుకుంది.

"రాఘవయ్య గారు చెప్పినట్టు తాగానని రాసియ్యి."

మస్తాన్‌రావు ఫిల్ము దించాడు. ఆమె మాట నాకూ అర్థం కాలేదు. పదమూడేళ్ల కాపురంలో ఆమె ఓర్చుకోలేనిది ఏదైనా ఉందంటే ఆ ఒక్క మాటే.

"తాగానని అను. తాగుడైతే నేను తిట్టి మానిపిచ్చుకుంటా, అలిగి మానిపిచ్చుకుంటా, కాళ్లు పట్టుకుని మానిపిచ్చుకుంటా. దీన్ని నేనేం జెయ్యనయ్యా? నువ్వు తాగినా బాగుండు."

ఇన్నాళ్లూ ఆమె మీద నాకున్న కోపం అక్కడే కరిగిపోయింది. ఆమె ఏడుస్తుంటే ఆసుపత్రి ఆయా ఒకామె మంచినీళ్లు తెచ్చి ఇచ్చి పోయింది. మస్తాన్‌రావు ఫిల్మును కవర్లో పెట్టడానికి చూశాడు. రెండుసార్లు పక్కకి పోయింది, మూడోసారి పట్టింది.

"రాస్తే బండి ఇస్తారు లీలా. ఇస్తే నేను నడపకుండా ఉండలేను, నా సంగతి నాకు తెలుసు. ఆరోజు రెండు లారీల్లో నేను తప్పుకున్నది నిజమైందే, అది నా అదృష్టం. రాయను" అన్నాడు.

సోమవారం అతను డిపోలో ఆ కవరే ఇచ్చాడు. రాఘవయ్య తల పట్టుకున్నాడు. ఏటి అవతలి సరుకు గురించి చెప్పినవాళ్లు ఆ రోజు నుంచి వేరే సంగతులు మాట్లాడుకుంటున్నారు. కానీ నాకు గుర్తుండేది సోమవారం కాదు, ఆ స్కాన్ రోజు మేం తిరిగొచ్చిన బస్సు.

నరసరావుపేటలో సత్తెనపల్లి బస్సెక్కాం. డ్రైవర్ వెనక సీటు ఖాళీగా ఉంటే వాళ్లిద్దర్నీ అందులో కూర్చోబెట్టి నేను పక్క వరసలో కూర్చున్నాను. మస్తాన్‌రావు ఎప్పుడూ ప్రయాణికుడిలా కూర్చున్నవాడు కాదు. కిటికీ దగ్గర ఒదిగి, ముందు అద్దంలోంచి రోడ్డునే చూస్తున్నాడు. ఊరు దాటాక ఒక గేదె అడ్డం వచ్చింది. అతని కుడికాలు నేలని గట్టిగా నొక్కింది. ముందు డ్రైవరు బ్రేకు వేశాడు, బండి ఆగింది, కదిలింది. తర్వాత మలుపు దగ్గర మళ్లీ నొక్కింది. ఎదురుగా మిర్చి బస్తాల ట్రాక్టరు వచ్చినప్పుడు రెండు కాళ్లూ నొక్కాయి, చెయ్యి పక్కన లేని గేరు కోసం వెతికింది. అతనికి తెలియకుండానే మా అందరి బస్సునీ అతనే నడుపుతున్నాడు.

లీలావతి చాలాసేపు ఆ కాళ్లని చూసింది. తర్వాత అతని మోకాలి మీద చెయ్యి వేసి, పసిపిల్లాడికి చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"నువ్వు తొక్కమాకయ్యా. ఆయన తొక్కుతాడులే."

మస్తాన్‌రావు అప్పుడు ఏడ్చాడు. జబ్బు పేరు విని ఏడవనివాడు, బస్సు నడపకూడదంటే ఏడవనివాడు, బండి నిండా జనం ఉండగా మొహం డ్రైవర్ వెనకున్న కమ్మీకి ఆనించి ఏడ్చాడు. లీలావతి చెయ్యి తీయలేదు. ఆమె చేతి కింద అతని కాలు సత్తెనపల్లి దాకా బ్రేకు తొక్కుతూనే ఉంది.